హత్సుయే ఆఖరి అంచు

దబ్బనం దిగిన ప్రతిసారీ తుంగచాప కిర్రుమంది. హత్సుయే దారాన్ని మోచేతికి చుట్టి, మోకాలు చాప కింది గడ్డిదిమ్మకు ఆనించి బిగించింది. పది కుట్లకోసారి ఆగి, కుడికన్ను మూసి, ఎడమకంటితో అంచు పొడవునా గురి చూసింది. డెబ్బై రెండేళ్ల పొట్టి మనిషి. అరచేతికి తోలు తొడుగు, దాని కింద అంతకంటే మొద్దుబారిన చర్మం. గదుల్లో నేలంతా పరిచే మందపాటి తతామీ చాపలకు, సెగావా వాళ్ల కొట్లో నలభై ఏడేళ్లుగా గుడ్డ అంచులు కుడుతోంది. ఊళ్లో సగంమంది ఆమె కుట్టిన చాపల మీదే పడుకుంటారు. ఆమె పేరు తెలిసినవాళ్లు పదిమంది కూడా ఉండరు.

"హత్సుయే అక్కా, ఆ ఒంటికన్ను గురి ఇవాళైనా మానవా?" అన్నాడు గడ్డిదిమ్మ కోస్తున్న యజమాని యసువో.

"నీ పాలపళ్లు ఊడకముందు నుంచీ ఇలాగే చూస్తున్నా. నీ కత్తి నువ్వు చూసుకో."

ఆ గురే ఆమె కొంప ముంచింది. చలికాలంలో, తేనీటి మర్యాదలు నేర్పే కువబారా టీచరమ్మ గదికి చాప కుడుతుంటే అంచు మధ్యలో ఉబ్బినట్టు కనబడింది. తుంగ మంచిది కాదని యసువోను తిట్టింది. విప్పింది, కుట్టింది, మళ్లీ విప్పింది. నాలుగోసారికి తన కంటికి తిన్నగా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అని అందర్నీ దెప్పే మనిషి, ఆ రోజు తనే మద్దెలను తిడుతూ కూర్చుంది. గదిలో పరిచాక టీచరమ్మ వంగి చూసి, శిష్యురాళ్ల ముందే, "ఇదేం అంచమ్మా? పామును పెట్టి కుట్టావా?" అంది. యసువో దారం పట్టి చూపించాడు. నిజంగానే వంకర.

ఆ సాయంత్రం ఇంట్లో కుడికన్ను మూసి కాగితపు తలుపు చట్రాన్ని చూసింది. నిలువు పుల్లలన్నీ మధ్యలో వంగిపోయి ఉన్నాయి. తప్పు తుంగది కాదు, కంటిది.

"కంటి వెనక తెర కింద, పుట్టకూడని చోట సన్నటి రక్తనాళాలు పుట్టాయి పెద్దమ్మా," అంది ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ మినాగి. "అవి కారుతున్నాయి. ఆ నీటికి తెర ఉబ్బింది."

"నేల చెమ్మెక్కితే చాప పొంగినట్టా?"

"అచ్చం అంతే. నెలకోసారి కంట్లోకే మందు సూది వేస్తాం. చెమ్మ ఆరుతుంది. ఆలస్యమై మచ్చ కట్టిందంటే మాత్రం నా చేతిలో ఉండదు."

హత్సుయేకి గుడ్డితనం కంటే ఇంకో భయం ఎక్కువైంది. ఇప్పుడు పని మానేస్తే, నలభై ఏడేళ్ల పనికి ఆఖరి గుర్తు ఆ పామే. ఆ గదికి ఒక్క తిన్నని అంచు కుట్టాలి. అదీ ఈ కంటితోనే కుట్టాలి.

మొదటి సూదికి రెప్పలు కదలకుండా బిగించి, పైకి చూడమన్నారు. "కానివ్వమ్మా. ఇన్నేళ్లూ నేను పొడిచాను, ఇవాళ నా వంతు," అంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి సూది ఒక్క క్షణం పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో ఇచ్చిన గళ్ల కాగితాలను కొట్టు స్తంభానికి గుచ్చుకుంది. మధ్యనున్న చుక్కను చూస్తూ, గీతలు ఎక్కడ వంగితే అక్కడ పెన్సిల్‌తో దిద్దాలి. మొదటి కాగితం మీద వంపు నిమ్మపండంత. రెండో సూది తర్వాత చిక్కుడుగింజంత. మూడో సూది పడి నెలైంది. నిన్న పరీక్ష చేసి డాక్టరమ్మ, "ఆరింది. కానీ ఇక్కడితో అయిపోలేదు, రెండు నెలలకోసారి రావాలి," అంది. ఈ ఉదయం కొత్త కాగితం ముందు నిలబడి, చేతిలో బార్లీ టీ చల్లారేదాకా హత్సుయే ఆ చుక్కనే చూసింది. తర్వాత వచ్చి దబ్బనం పట్టుకుంది.

మధ్యాహ్నం టీచరమ్మ గదిలో వంకర చాప తీసి కొత్తదాన్ని దించారు. అంచుగుడ్డ మీద సగం పువ్వు, పక్క చాప అంచు మీద మిగతా సగం. హత్సుయే మడమతో రెండుసార్లు తన్ని చాపను సర్దింది. సగాలు కలిసి పువ్వులన్నీ వరసగా నిండాయి.

టీచరమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. మూసిన విసనకర్రను అంచుకు ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరకు జరిపింది. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు.

"ఏ కంటితో చూసి కుట్టావు?"

"ఆ పామును కుట్టిన కంటితోనే."

టీచరమ్మ రెండు చేతులూ చాప మీద ఆనించి తల వంచింది. "కూర్చో. ఈ చాప మీద తొలి టీ నీదే."

ఆ ఊళ్లో ఇన్ని గదులకు చాపలు పరిచిన హత్సుయే, ఒక్కదాంట్లోనూ అతిథిగా కూర్చోలేదు. చేదు టీ గిన్నెను రెండు చేతులా ఎత్తి, ఆఖరి చుక్క దాకా చప్పుడు చేస్తూ తాగింది. ఆమెకు పట్టరానంత సంతోషమేసింది, దాచుకోనూ లేదు.

కొట్టుకు తిరిగొచ్చి తన జాగా ఊడ్చుకుంది. తోలు తొడుగు సంచిలో వేసుకుంది.

"రేపట్నుంచి రాను అబ్బాయ్."

"కన్ను బాగయ్యాక మానేస్తావా?" యసువో కత్తి కింద పెట్టాడు.

"బాగైంది కనుకే. చూపు పోయి మానేసిందని ఎవడూ అనడానికి లేదు."

గుమ్మం దాటి, కుడికన్ను మూసి, సందు పొడవునా చూరుల వరసను ఒకసారి గురి చూసి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

యసువో దీపం ఆర్పబోతూ స్తంభం దగ్గర ఆగాడు. మొదటి కాగితం మీద పెద్ద వంపు, రెండోదాని మీద చిన్న వంపు, మూడోదాని మీద అచ్చేసిన గళ్లు, నడుమ నల్లచుక్క. పక్కనే, దారానికి కట్టి వేలాడుతున్న పెన్సిల్, చెక్కిన మొన చెక్కినట్టే ఉంది.