చూపించడానికి ఒక బిడ్డ

కోకాపేటలోని ఆ ఆఫీసు కింది అంతస్తులో పిల్లల గదిని నాగేశ్వరి రోజూ అద్దంలా తుడిచేది. ఉయ్యాలలు, మెత్తటి పరుపులు, గోడల నిండా ఏనుగు బొమ్మలు అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. పైఅంతస్తుల్లోని తల్లులు చాలామంది ఇంటినుంచే పని చేసుకుంటున్నారు. తుడుస్తుంటే పాలు చేపుకొచ్చి ఆమె జాకెట్టు తడిసిపోయేది. బాత్రూంలో తలుపేసుకుని ఆ పాలన్నీ సింకులోకి పిండేసేది. అదే వేళకు నిజాంపేటలో ఇంటి దగ్గర తన ఐదునెలల పాప సీసాను తోసేసి ఏడుస్తుంటుందని ఆమెకు తెలుసు. "డబ్బా పాలు తాగితే సస్తదా ఏంది? మేం పెంచలేదా?" అనేది అత్త ఈశ్వరమ్మ. "ఆ గదిల మన పాపనూ ఉంచే రూలుందేమో" అంటే, "తొమ్మిదిల బడి మానేసినదానివి, నీకు రూల్సెందుకే?" అని మొగుడు నవ్వేవాడు. ఒకసారి తెగించి మేనేజర్ ఉదయ్ భాస్కర్‌ని అడిగితే, "అది ఎంప్లాయీస్‌కమ్మా, నువ్వు కాంట్రాక్టు కదా" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. అడిగినందుకు ఉన్న పని ఊడుతుందేమోనని వారమంతా ఆమెకు నిద్ర లేదు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం తనే వెతుక్కుంటూ వచ్చాడు.

"రేపు లేబర్ ఆఫీసునుంచి తనిఖీకి వస్తున్నారమ్మా. గది ఖాళీగా కనిపిస్తే బాగోదు. మీ పాపని తీసుకురా, ఒక్కరోజుకే. మంచి గౌను వెయ్యి."

నా బిడ్డ అంగట్లో బొమ్మనా అని ఒళ్ళు మండింది. ఆ మంట వెనకే, రేపు పాలు సింకులో పొయ్యక్కర్లేదన్న ఆశ కూడా పుట్టింది. తల ఊపింది.

మర్నాడు వచ్చిన ఆఫీసరు ఒక ఆడమనిషి. ఉయ్యాలలో కేరింతలు కొడుతున్న పాపను చూసి ముచ్చటపడింది.

"ఎవరి పాప?"

"మా ఎంప్లాయీ పాపేనండి. రోజూ ఇక్కడే ఉంటుందండి" అన్నాడు ఉదయ్ భాస్కర్, చెమట తుడుచుకుంటూ.

"తల్లిని పిలవండి."

నాగేశ్వరి మాపు కర్రతోనే వచ్చి నిలబడింది. ఆఫీసరు ఆ కర్రనూ ఆమెనూ చూసింది. "రోజూ తెస్తవా అమ్మా?"

మేనేజర్ వెనకనుంచి కళ్ళతోనే బతిమాలాడు. అవునంటే రేపటినుంచి పాప మళ్ళీ నిజాంపేటలోనే. కాదంటే తన పని పోతుంది. ఇంతలో పాప నాగేశ్వరి వైపు తల తిప్పింది.

"ఇయ్యాలనే మొదలు మేడం. ఇగ రేపటిసంది రోజూ తెస్త. సారే తెమ్మన్నరు."

ఆఫీసరు మేనేజర్ వైపు తిరిగింది. "మంచిది. కాంట్రాక్టు వాళ్ళ పిల్లలనూ రానిస్తున్నారన్నమాట. పాలిచ్చుకోవడానికి విరామం కూడా ఇస్తున్నారు కదా? అలాగే రాసుకుంటాను."

"ఇస్తున్నామండి... ఆఁ, ఇస్తున్నాం" అన్నాడు ఉదయ్ భాస్కర్.

తెల్లారి లిఫ్టు దగ్గర ఆయన అడ్డం నిలబడ్డాడు. నాగేశ్వరి చంకలో పాప ఉంది. ఆమె పక్కన, తనలాగే కాంట్రాక్టు మీద ఆఫీసు వంటగదిలో పనిచేసే కనకలక్ష్మి, భుజాన తన పిల్లాడితో.

"ఒక్కరోజుకే కదమ్మా అన్నాను!"

నాగేశ్వరి పైటచెంగు సర్దుకుంది.

"జర పక్కకు జరుగుండ్రి సార్. పిల్లకు పాలిచ్చే టైమైంది."