మరగని నీళ్ళు

"గుడ్డు గట్టిపడింది," అన్నాడు భర్త, చెంచా పక్కన పెడుతూ.

ఆ ఇంట్లో పొద్దున్నే వెలువడే మొదటి తీర్పు అది. గట్టిపడిందనో, నీళ్ళనీళ్ళగా ఉందనో అంటాడు. బాగుంటే ఏమీ అనడు. మూత ఉన్న పింగాణీ కప్పు లోపల వెన్న రాసి, గుడ్డు కొట్టి పోసి, మూతపెట్టి, వేడినీళ్ళ గిన్నెలో నిలపాలి. నీళ్ళు పొగలు కక్కాలి గానీ మరగకూడదు. తెల్లసొన అప్పుడే తోడుకున్న పెరుగులా ఉండాలి, పచ్చసొన కదలాలి. బుడగ వస్తే మంట తగ్గించాలి, పొగ తగ్గితే పెంచాలి. కళ్ళల్లో వత్తులు వేసుకుని పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. ఒక్క గిన్నె కడుగుదామని అటు తిరిగితే చాలు, పని చెడుతుంది.

"వాడి కడుపు సున్నితం, అమ్మాయ్. చిన్నప్పట్నుంచీ అంతే," అంటారు అత్తగారు. ఆ సున్నితమైన కడుపే సాయంత్రం వీధి చివరి బండి దగ్గర నూనె కారే వేపుళ్ళను పొట్లాలకు పొట్లాలు అరాయించుకుంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు, కాదనడానికి తనెవరు? కాకపోతే ఆ ముద్దు తీర్చడానికి నిలబడే కాళ్ళు మాత్రం తనవి.

ఆమె పనిచేసేది నిఘంటువు తయారుచేసే కార్యాలయంలో. న్యాయం, తత్వం, యంత్రాల మాటలు మగవాళ్ళ బల్లల మీదికి వెళతాయి. వంట, కుట్టు, పసిపిల్లల మాటలు ఈమెకు. "మీకు చేతిలో పనే కదమ్మా," అంటాడు పెద్ద సంపాదకుడు, అది మెప్పనుకుని. ఆ రోజు వచ్చిన ఇంగ్లీషు మాట 'కాడిల్'.

పాత సంపుటాలు తిరగేసింది. గారాబం చేయడం, అపురూపంగా చూసుకోవడం అని ఒక అర్థం. రెండోది చదివితే నవ్వొచ్చింది. గుడ్డు లాంటిదాన్ని మరగని నీళ్ళలో మెల్లగా ఉడికించడమట. ఇన్నేళ్ళ తన చాకిరీకి ఒక పేరు కూడా ఉందన్నమాట! ఆ మాట పుట్టుక దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. పూర్వం ఒక వేడి పానీయం ఉండేదట, బహుశా దాని పేరే ఈ మాటకు మూలమట. పల్చటి జావ, కాస్త ద్రాక్షసారా, గుడ్డు, తీపి. జబ్బుపడ్డవాళ్ళకీ, అప్పుడే కన్న ఆడవాళ్ళకీ దాన్ని తాగించేవారట.

కన్న ఆడవాళ్ళకు! ఆ వాక్యం మీద వేలు అలాగే ఉండిపోయింది. కూతుర్ని కని ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు, కుట్లు లాగుతుంటే గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది తను. గుడ్డు ఎవరు చూస్తారని ఇంట్లో అప్పటికే పెద్ద చర్చ. పసిదాన్ని ఒళ్ళో వేసుకుని అత్తగారు అన్నారు, "వంగే పని కాదుగా. నిలబడి చేసే పనేగా." నిలబడింది. కాళ్ళ వెంట నెత్తురు జారుతున్నా నీళ్ళలో బుడగ రాకుండా చూసింది. ఎన్నడూ లేనిది, "ఇవాళ కుదిరింది," అన్నాడు భర్త. ఆ ఒక్క ముక్కకి తను పొంగిపోయింది కూడా. అది తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద ఎంతో, తన మీద అంతకంటే ఎక్కువ.

ఆ మాటకు ఆమె అర్థాలు రాసిచ్చిన చీటీ చూసి సంపాదకుడు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంతా బాగుంది గానీ, ఉదాహరణ వాక్యం ఏదమ్మా? 'తల్లి గారాబం వల్ల కొడుకు చెడిపోయాడు' అని పడేయండి, సరిపోతుంది."

"అనుభవించేది కొడుకు, చెడగొట్టేది తల్లా అండీ?"

"లోకం అనేదే మనం రాస్తాం," అని నవ్వాడాయన. "రేపు ఇవ్వండి పోనీ."

రాత్రంతా ఆమెకు జ్వరంతో ఒళ్ళు కాగిపోయింది. పొద్దున లేచేసరికి బాగా తెల్లారిపోయింది. గుడ్డు గుర్తొచ్చి, జుట్టైనా ముడవకుండా వంటింటికి పరుగెత్తి, గడపలోనే ఆగిపోయింది.

పొయ్యి ముందు కూతురు. ఏడో తరగతి పిల్ల, నెలసరి మొన్నమొన్ననే మొదలైంది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద, ఇంకో చెయ్యి మంట తిప్పే మీట మీద. పెదవి పంటి కింద నొక్కిపెట్టి నీళ్ళకేసి చూస్తోంది.

"నొప్పంటోంది పాపం," అన్నారు అత్తగారు కుర్చీలోంచి. "నిలబడి చేసే పనేగా అన్నాను. ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందేగా."

పిల్ల తల తిప్పలేదు. "ఉండమ్మా, బుడగ వచ్చేస్తుంది," అంది గాభరాగా.

ఆ గాభరా ఆమెకు తెలుసు. అది తనదే. తన చీరలూ నగలూ ఇవ్వకముందే పిల్లకు తన భయం ఇచ్చేసింది.

మీట మీది చేతిని మెల్లగా తీసి, పిల్లను తీసుకెళ్ళి తండ్రి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. గుడ్డతో కప్పు పైకి తీసి, మూత తెరిచి, ఉప్పు చల్లి, చెంచాతో సహా పిల్ల ముందు పెట్టింది.

"తిను."

భర్త పేపరు దించాడు. "మరి నాకు?"

"గుడ్లు బుట్టలో ఉన్నాయి, కప్పులు అలమరలో. నీళ్ళు వేడిగానే ఉన్నాయి," అంది ఆమె. "నిలబడి చేసే పనేగా అండీ."

అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆ మాట తనదేనని ఆవిడకు తెలిసినట్టుంది. భర్త అందరి మొహాలూ చూశాడు. ఎవరూ లేవకపోతే తనే లేచాడు. గోడకి ఆనుకునే అలవాటున్న మనిషి, పొయ్యి ముందు ఎక్కడ ఆనుకోవాలో తెలియక నిలబడ్డాడు.

ఆమె కూతురి ఎదురుగా కూర్చుంది. 'తల్లి కూతుర్ని అపురూపంగా చూసుకుంది' అని సంపాదకుడికి ఇవ్వాల్సిన ఉదాహరణ వాక్యం అప్పుడు తట్టింది గానీ, రాయడానికి లేవాలనిపించలేదు.

పిల్ల ఒక చెంచా తిని, రెండోది నోటి దాకా తెచ్చి ఆగింది. "అమ్మా, మరి నీకు?"

ఆ ఇంట్లో ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"రెండు పెట్టమని చెప్పు మీ నాన్నతో," అంది. "నీళ్ళు మరగనివ్వద్దని కూడా చెప్పు."