పిల్లలుంటే ప్లస్, ఎవరికి?

మీ దగ్గర దాచడమెందుకు, మా ఆఫీసులో ఒకావిడంటే నాకు పిచ్చి అభిమానం. అందరూ లెక్కలక్క అంటారు. ఇద్దరు పిల్లల తల్లి. మీటింగ్ మధ్యలో స్కూలు వాళ్లతో మాట్లాడి వచ్చి, వదిలేసిన మాట దగ్గరే మళ్లీ అందుకుంటుంది. నాకైతే వాషింగ్ మెషీన్ కూత పెడితే చాలు, ఏం ఆలోచిస్తున్నానో మర్చిపోతాను.

తల్లులకిచ్చిన వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంచాలా తీసేయాలా తేల్చమని మా టీంకి చెప్పింది కంపెనీ. అది పోతే ముందు ఉద్యోగం మానాల్సింది లెక్కలక్కే. అందుకు లెక్కల మోడల్ కట్టింది నేను: ఆడా మగా, పిల్లలున్నారా లేదా, ఆ రెండిటినీ గుణించిన వరస, వీటిని బట్టి ఉద్యోగుల పనికిచ్చే రేటింగ్ ఎలా మారుతోందని. ఆవిడ దగ్గరే పని నేర్చుకున్న మా టీం లీడర్ తెర మీద 'పిల్లలు' వరస చూసి మురిసిపోయాడు.

"పిల్లలుంటే రేటింగ్ పెరుగుతోంది! ఇంకెందుకీ సదుపాయాలు?"

నేనూ తలూపాను. ఇంట్లో రోజూ వినేదే కదా. "పిల్లలు పుడితే మనిషికి బాధ్యత వస్తుందమ్మా," అంటారు అత్తయ్య. "బావని చూడు, పాప పుట్టాకే మేనేజరయ్యాడు," అంటాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. అదే పాప పుట్టాక వదిన ఉద్యోగం మానేసింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

లెక్కలక్క టీ కప్పు కింద పెట్టింది. "ఆడవాళ్లని ఒకటి, మగవాళ్లని సున్నా అన్నాం కదా. గుణించిన వరస కూడా ఉన్నప్పుడు, నువ్వు చదివిన నంబరు సున్నాలది. అంటే నాన్నలది. అమ్మలది కావాలంటే దానికి ఆ గుణించిన వరస నంబరు కలుపు."

"అది మైనస్ కదక్కా."

"కలుపవయ్యా, కరవదులే."

కలిపాడు. ప్లస్ మొత్తం ఊడ్చుకుపోయి సున్నా కిందికి దిగింది.

"ఎవరో ఇద్దరు ముగ్గురి వల్ల వచ్చుంటుంది," అని గొణిగాడు.

"నాకూ అదే అనుమానం. ముందే ఒక్కొక్కళ్లనీ పక్కన పెట్టి చూశా, తేడా పోలేదు. ఆ వరస తీసేసి నడిపితే మోడలే చెడిపోతోంది. గాలివాటంగా వచ్చింది కాదు. కారణమేంటో ఈ లెక్క చెప్పదు. కానీ అందరికీ పెరుగుతోందంటే మాత్రం అబద్ధం."

లేచి బోర్డు మీద రెండు గీతలు గీసింది. నాన్నలది పైకి, అమ్మలది కిందికి. గొంతు పెంచలేదు. తన కష్టం ఒక్క ముక్క చెప్పలేదు. ఎంత అందంగా ఉందో ఆ క్షణంలో!

ఆవిడ వెళ్లాక లీడర్ నా కుర్చీ దగ్గరికొచ్చాడు. "పైవాళ్లకి అంత వివరమెందుకమ్మా? ఆ మొదటి నంబరొక్కటీ రాసెయ్."

"సరే సర్" అనడం నాకు ఊపిరంత అలవాటు. ఈసారి అనలేదు. ఆ రెండు గీతల్నీ రిపోర్టు మొదటి పేజీలో పెట్టాను, కింద నా పేరు రాశాను, నేరుగా పైవాళ్లకే పంపించాను.

మీకూ ఎవరో ఒకరు "ఇది అందరికీ మంచిదే" అని చెప్పే ఉంటారు. ఆ అందరిలో మీరున్నారా? రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.