హల్డోర్ చూపించే వైపు

శనివారాల్లో సిగ్రూన్ అందరికంటే ముందే, మంచు మీద హాకీ ఆడే రింకుకి వస్తుంది. లైట్లు వేసి, క్యాంటీన్ తలుపు తీసి, కాఫీ పెట్టి, బంగాళాదుంపల బస్తా విప్పుతుంది. కాఫీ అయ్యాక ఒక కప్పు పట్టుకెళ్ళి, మంచు చుట్టూ ఉన్న చెక్క గోడ పక్కన వంగి మంచు మీద పెడుతుంది. ఆ వేడికి కప్పు కింద మంచు గుండ్రంగా కరుగుతుంది. ఆమె భర్త హల్డోర్ మంచు కింద నుంచి ఆ గుండ్రానికి అరచెయ్యి ఆనిస్తాడు. కాసేపు ఇద్దరూ అలాగే ఉంటారు. ఆ తర్వాత ఆమె చల్లారిన కాఫీ తాగేసి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోతుంది.

హల్డోర్‌ది చేపలు పట్టే బతుకు. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక మంచుకి బెజ్జాలు కొట్టి, కింద వలలు వేసేవాడు. ఆ బతుకులో సుఖమేమీ లేదు. చలి వేళ్ళని కొరికేస్తుంది, చేపలు కొనేవాడు ధరలో కొరికేస్తాడు. ఒక మార్చి నెలలో సరస్సు మంచు విరిగి, బండితో సహా హల్డోర్‌ని మింగేసింది. మనిషి దొరకలేదు. ఆ ఊరి బావినీళ్ళలో ఇనుము ఎక్కువ. ఆ నీళ్ళు పోస్తే మంచు టీ రంగులో గడ్డకడుతుంది. అందుకని రింకుకి ఎప్పుడూ సరస్సు నీళ్ళే ట్యాంకరుతో తెచ్చి పోస్తారు. ఆ ఏడు శరదృతువులో పోసిన నీళ్ళు గడ్డకట్టేసరికి, నారింజ రంగు రబ్బరు కోటుతో హల్డోర్ అందులో ఉన్నాడు.

మంచు మందం బొటనవేలంత, దాని కింద కాంక్రీటు. అయినా అతను నిలబడడానికి చోటు చాలింది. రింకు చూసుకునే ముసలి గుస్తి ఆ ఏడు నుంచి తెల్లరంగు వేస్తే హల్డోర్ కనబడడని అది మానేసి, మంచు మీద ఆట గీతలు మాత్రం గీస్తున్నాడు. "కాస్త జరగరా హల్డోర్, నీ చెవి మీదుగా నీలం గీత పోతోంది," అంటాడు. హల్డోర్ జరుగుతాడు. వీళ్ళకి ఒక మనిషి ఎక్కువున్నాడని పొరుగూరి జట్టు ఒకసారి గొడవ చేసింది. లీగు పెద్దలు వచ్చి, చూసి, కాఫీ తాగి, మంచు కింద ఉన్నవాడు ఆటగాళ్ళ లెక్కలోకి రాడని తేల్చి వెళ్ళిపోయారు. వసంతంలో మంచు కరిగిస్తే హల్డోర్ నీళ్ళతో పాటు కాలవలోంచి సరస్సుకి పోతాడు. చలి మొదలవగానే మళ్ళీ వస్తాడు.

ఆ శనివారం సిగ్రూన్ కళ్ళు మాటిమాటికీ తలుపు వైపే పోతున్నాయి. ఉల్లిపాయ తరగబోయి రెండుసార్లు వేలు కోసుకుంది. ఆటగాళ్ళని ఎంచే క్లైవ్ పట్నం నుంచి వస్తున్నాడు. ఈ చలికాలంలో ఇదివరకు వచ్చి చూసి వెళ్ళాడు. ఇదే ఆఖరిసారి చూడడం. ఆమె కొడుకు ఎయినార్‌కి పదిహేనేళ్ళు. క్లైవ్ ఔనంటే వాడు పట్నం జట్టులో ఆడతాడు, అక్కడి బడిలో చదువుకుంటాడు. కాదంటే ఏం చేస్తాడో వాడు ముందే చెప్పేశాడు. "నాన్న వలలు గుస్తి తాత కొట్లోనే ఉన్నాయి కదమ్మా. వచ్చే చలికాలం నేనూ సరస్సు మీదికి పోతాను."

ఆ మాట విన్న నాటి నుంచి ఆమెకి సరిగ్గా నిద్ర లేదు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. క్లైవ్ క్యాంటీన్ కిటికీ పక్కనే నిలబడ్డాడు. అక్కణ్ణుంచి, రింకు చుట్టూ ఉన్న అద్దంలోంచి మంచు మొత్తం కనబడుతుంది. అతను పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు కాగితం కప్పులోకి ఊస్తున్నాడు. సిగ్రూన్ ఒక కన్ను నూనె మీద, ఒక కన్ను అతని మొహం మీద పెట్టింది. ఆ మొహం మీద ఏమీ రాసి లేదు.

ఎయినార్ పక్‌ని, ఆ చిన్న రబ్బరు బిళ్ళని, కర్రతో తోసుకుంటూ పోతున్నాడు. వాడి స్కేట్ల కిందే వాళ్ళ నాన్న మొహం పైకెత్తి నడుస్తున్నాడు. హల్డోర్ కుడిచెయ్యి చాపి చూపించాడు. ఎయినార్ తల ఎత్తకుండానే పక్‌ని కుడివైపుకి కొట్టాడు. అది ఇద్దరు ఎదుటివాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి తన జట్టువాడి కర్రకి తగిలింది. గోల్! జనం బెంచీల మీద కాళ్ళతో దరువు వేశారు.

"చూశారా?" అంది సిగ్రూన్, ఉండబట్టలేక.

"చూశాను," అని తొక్క ఊశాడు క్లైవ్.

మొదటి విరామంలో అతను కాఫీకి వచ్చాడు. ఆమె అడక్కుండానే కేకు ముక్క కోసి పెట్టింది. ఎండు ప్లమ్ పళ్ళ గుజ్జు పొరలుపొరలుగా వేసి చేసే కేకు. పండగలకి తప్ప చెయ్యరు.

"లంచమా?" అన్నాడు.

"తినండి. లంచమైతే ఇంకా పెద్ద ముక్క కోసేదాన్ని."

అతను నవ్వాడు. నవ్వు చప్పున ఆగింది. "చూడమ్మా, దాచిపెట్టి మాట్లాడ్డం నాకు రాదు. మీవాడి చేతులు బంగారం. పక్ వాడి కర్రని వదలనంటుంది. మలుపుల్లో వేగం తగ్గదు. దెబ్బ తగిలినా కిక్కురుమనడు. పొట్టివాడే, మొదటి రెండు అంగల్లో చురుకు లేదు. అయినా అదేం పెద్ద లోటు కాదు. తిండి పెడితే పెరుగుతాడు, పరిగెత్తిస్తే నేర్చుకుంటాడు."

"మరింకేం?"

"తల. తల దించుకుని ఆడతాడు."

ఆమె చేతిలో జల్లిగరిటె నూనెలో అలాగే ఉండిపోయింది. "ఎందుకు దించుకుంటాడో ఊరందరికీ తెలుసు."

"నాకూ కళ్ళున్నాయి. కింద వాళ్ళ నాన్నున్నాడు. కానీ పట్నంలో మంచు కింద తెల్లరంగు, దాని కింద కాంక్రీటు. అక్కడ వీడు ఎవర్ని చూసి పాస్ ఇస్తాడు? ఆ పాస్‌లు పిల్లాడివా, వాళ్ళ నాన్నవా? అది నాకు తేలడం లేదు. పైగా అక్కడ డిఫెన్సులో ఆడేవాళ్ళు దున్నపోతుల్లా ఉంటారు. తల దించినవాడు కనబడితే వాళ్ళకి పండగే. ఒక్క గుద్దుకి పిల్లాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుపోతారు."

"అయితే కాదంటారా?"

"రేపు పొద్దున ఔననో కాదనో చెప్పాలి. ఇంకా రెండు పీరియడ్లు ఉన్నాయిగా," అని కేకు పట్టుకుని వెళ్ళిపోయాడు.

సిగ్రూన్‌కి ఒళ్ళు మండింది. చేపల్ని తీరంలో బల్ల మీద పోసి, ఇది పెద్దది, ఇది చిన్నది, దీని మొప్ప చినిగింది అని విడగొట్టినట్టు కన్నబిడ్డని విడగొడతారా? కానీ ఆ మంట వెనకే ఇంకోటి తన్నుకొచ్చింది. క్లైవ్ అన్నది నిజం. ఈ భయం ఆమెకీ ఎప్పటి నుంచో ఉంది. ఎదుటి జట్టులో ఒక పొడుగువాడు ఎయినార్‌నే చూస్తున్నాడని ఆమె గమనించింది. వాడి పేరు కూడా తెలియదు, చొక్కా మీది నంబరు నలభై నాలుగు.

రెండో పీరియడ్‌లో ఆ నలభై నాలుగు రానే వచ్చాడు. గోడ దగ్గర ఎయినార్ తల దించి ఉండగా భుజంతో గుద్దాడు. ఎయినార్ హెల్మెట్ గోడకి కొట్టుకున్న చప్పుడుకి జనం బెంచీల మీంచి లేచి నిలబడ్డారు. వాడు లేచాడు. లేచి, ముందు కిందికి చూశాడు. కింద హల్డోర్ రెండు చేతులూ మంచుకి ఆనించి నోరు తెరిచి ఏదో అంటున్నాడు. చప్పుడు మాత్రం పైకి రాలేదు.

విరామం గంట మోగగానే సిగ్రూన్ పొయ్యి ఆపేసింది. రబ్బరు బూట్లతోనే మంచు మీదికి దిగింది. గుస్తి అప్పుడే మంచు నునుపు చేసే బండి తీసుకొస్తున్నాడు. ఆమెని చూసి ఆపాడు.

"అమ్మాయ్, ఏమిటిది, జారి పడతావ్!"

"ఒక్క నిమిషం బాబాయ్. మా ఆయనతో మాట్లాడాలి."

"మాట్లాడు, మాట్లాడు. మొగుడూ పెళ్ళాల మధ్యకి నేను బండి తోలనులే."

హల్డోర్ ఆమె బూట్ల కిందికి వచ్చాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

"వింటున్నావా? నువ్వు వాణ్ణి వదిలెయ్యాలి."

హల్డోర్ తల అడ్డంగా ఊపాడు. చేత్తో పొట్టి అని చూపించాడు. చిన్నపిల్లాడు కదా అన్నట్టు.

"చిన్నపిల్లాడే. నువ్వు చూపిస్తున్నంతకాలం చిన్నపిల్లాడే. చూపించేవాడుంటే ఇంక వాడెందుకు చూస్తాడు? ఆ పొడుగువాడు వాణ్ణి చంపేస్తాడు, అది నీకూ తెలుసు. వాడు బతికి బయటపడి, ఆ పట్నం మనిషి కాదంటే ఏమవుతుందో తెలుసా? నీ వలలు భుజానేసుకుని నీ దగ్గరికే వస్తాడు. ఇద్దర్నీ మంచు కింద చూసుకుంటూ నేను ఈ బంగాళాదుంపలు వేయించాలా?"

అతను బతికుండగా ఆమె అతనితో ఎన్ని పోట్లాటలు పోట్లాడిందో లెక్క లేదు. ఇలా మాత్రం ఎప్పుడూ అడగలేదు. హల్డోర్ మొహం తిప్పేసుకున్నాడు. ఔనన్నాడో, కోపం వచ్చిందో ఆమెకి తెలియలేదు. గుస్తి బండి వేడినీళ్ళు పరుచుకుంటూ వచ్చింది. ఆ పొగలో మంచు కింద ఇంకేమీ కనబడలేదు.

మూడో పీరియడ్ మొదలైంది. ఎయినార్ మంచు మీదికి దిగి కిందికి చూశాడు. నాన్న లేడు. కాస్త జరిగి చూశాడు. లేడు. పక్ వచ్చి వాడి కర్రకి తగిలి, పట్టుకునేవాడు లేక జారిపోయింది. జనం గొణిగారు. మళ్ళీ పక్ వచ్చింది. వాడు ఇదివరకటి కంటే ఎక్కువగా తల వంచి, బావిలో పడిపోయినదాన్ని వెతుకుతున్నట్టు వెతుకుతూ స్కేటింగ్ చేస్తున్నాడు.

సిగ్రూన్ కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది. 'నేనే చేశాను, నా నోటితో నేనే చేశాను' అనుకుంది. అటువైపు నుంచి నలభై నాలుగు బయల్దేరాడు. దూరం నుంచే ఊపు తీసుకుంటున్నాడు. ఆమె "ఎయినార్!" అని అరిచింది. అద్దం అవతలికి అరుపు పోలేదు. క్లైవ్ నమలడం మానేశాడు.

అప్పుడు మంచు కింద నుంచి దబ్‌మని ఒక దెబ్బ వినిపించింది. మంచు విరగబోయే ముందు వచ్చే ఆ చప్పుడు సరస్సు మీద తిరిగిన ఎవరికైనా తెలుసు. వింటే ఎక్కడివాళ్ళక్కడ ఆగి అటు చూస్తారు, చూసి తీరాలి. ఎయినార్ ఆ చలిలో పుట్టి పెరిగిన పిల్లాడు. తల ఎత్తి చూశాడు. అటు చివర, ఎదుటివాళ్ళ గోల్ వెనక, మంచు కింద నారింజ రంగు మచ్చ ఉంది. వాళ్ళ నాన్న రింకులో ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోయి నిలబడ్డాడు. అతన్ని చూడాలంటే ఎయినార్ తల ఎత్తాల్సిందే.

తల ఎత్తినవాడికి నాన్నతో పాటు దారిలో ఉన్నదంతా కనబడింది. మీదికొస్తున్న నలభై నాలుగు కనబడ్డాడు. ఎయినార్ చేప తప్పించుకున్నట్టు పక్కకి ఒరిగాడు. పొడుగువాడు తన ఊపుతో తానే గోడకి అతుక్కున్నాడు. కుడివైపు దగ్గర్లో జట్టువాడున్నాడు, పాస్ తేలిక. ఎడమవైపు దూరంగా, ఎవరూ పట్టించుకోని ఇంకొకడున్నాడు. ఎయినార్ అటు చూడనట్టే చూసి పక్ ఎడమకి కొట్టాడు, ఆ ఇంకొకడు దాన్ని లోపలికి తోశాడు. గోల్!

బెంచీల దరువులో క్లైవ్ కిటికీలోంచి లోపలికి వంగాడు. "అమ్మా, చూశావా? గోల్ సంగతి కాదు. మీ ఆయన్ని చూశావా?"

"ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఆ పాస్ పిల్లాడిదే." అతను కప్పు చెత్తబుట్టలో పడేశాడు. "ఆగస్టులో పంపించు. వెచ్చటి సాక్సులు పెట్టు, హాస్టల్లో చలి."

ఆమె తలూపింది. ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు. ఆగస్టు నుంచి ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారిగా తెలిసొచ్చింది.

జనం వెళ్ళిపోయాక ఎయినార్ బూట్లతో, తడి జుట్టుతో వచ్చి కౌంటర్‌కి ఆనుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"నువ్వే పొమ్మన్నావా నాన్నని?"

"నేనే."

"నాకు చెప్పి ఏడవొచ్చుగా! చచ్చాననుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను. తిను." ఆమె బంగాళాదుంపల పళ్ళెం వాడి ముందుకి తోసింది.

వాడు నాలుగు ముక్కలు నోట్లో కుక్కుకుని, నములుతూనే అడిగాడు. "అంత దూరం నుంచి చూస్తే ఎలా ఆడానట? ఆ క్లైవ్ కాదు. నాన్న."

"నన్నెందుకు అడుగుతావ్? ఆయన్నే అడుగు."

ఇద్దరూ చెక్క గోడ దగ్గరికి వెళ్ళారు. హల్డోర్ ఇంకా ఆ చివరే ఉన్నాడు. దగ్గరికి రాలేదు. ఎయినార్ రెండు చేతులూ ఎత్తి, ఎలా అని ఊపాడు.

హల్డోర్ జేబుల్లోంచి చేతులు తీశాడు. తీరంలో చేపలవాళ్ళు తాము పట్టిన చేప పొడుగు చూపించినట్టు రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, మెల్లగా దూరం జరిపాడు. ఇంకా జరిపాడు. భుజాల దగ్గర కోటు కుట్లు సాగేదాకా చేతులు చాపి, అదీ చాలనట్టు వేళ్ళు కూడా చాపాడు.

ఎయినార్ గొంతులో ముక్క అడ్డం పడింది. తల్లి వాడి వీపు మీద చరిచింది.

"చేపల విషయంలో మీ నాన్న ఎప్పుడూ రెండింతలు చెప్పేవాడు," అంది సిగ్రూన్. "అందులో సగం తీసేసినా చాలు."