ఇంటిని పట్టుకున్న చెట్టుకప్ప

పొద్దున్న లేవగానే ఎంతిన్ చేసే మొదటి పని స్నానాలగదిలోకి తొంగిచూడటం. నీళ్లతొట్టికి పైన, గోడ పలకల మీద గెంబుల్ ఉందో లేదో చూసుకోవాలి. గెంబుల్ ఒక ఆకుపచ్చ చెట్టుకప్ప. మా బోగోర్ ఊళ్లో ఆ మాటకి బొద్దుగా ఉన్నదని అర్థం. నాలుగు కాళ్లూ ముడుచుకుని, కళ్లు సగం మూసి, తిన్నది అరగని పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది. "ఉన్నావుగా, చాలు," అని ఎంతిన్ పొయ్యి వెలిగిస్తుంది.

తర్వాత కొంబ్రోల పని. కర్రపెండలం తురిమి, నీరు పిండి, లోపల ఎర్రకారం కూరి, ముద్దలు చేసి నూనెలో వేయిస్తుంది. మా గట్టు మొత్తానికి ఉదయం పలహారం అదే. మొగుడు ఆడాంగ్ వాకిట్లో కూర్చుని, పంజరంలో పాడే మురాయ్ పిట్టకి కీచురాళ్లు తినిపిస్తూ ఏటిని చూస్తుంటాడు. స్కూటర్ మీంచి పడి మోకాలు పాడైన దగ్గర్నుంచి అతను రోడ్డు మొహం చూడలేదు. మా ఇళ్లు పైన రోడ్డుకీ కింద చిలివుంగ్ ఏటికీ మధ్య, గట్టుకి వేలాడుతూ ఉంటాయి. రోడ్డెక్కాలంటే నిటారు మెట్లే దారి. అందరికన్నా కిందున్నది ఎంతిన్ ఇల్లు.

దాని అటుపక్కా ఇటుపక్కా ఉన్న ఇళ్లు వానాకాలాల్లో ఒక్కొక్కటే జారి ఏట్లో కలిశాయి. ఎంతిన్ ఇల్లు మాత్రం కదల్లేదు. గెంబుల్ పట్టుకుని ఉంది కదా మరి. నగర కార్యాలయం నుంచి ఇంజినీరు వచ్చి, ఈ ఇంటికి పునాది ఎక్కడని అడిగితే, వాడ పెద్ద సొబారి నేరుగా స్నానాలగదిలోకి తీసుకెళ్లాడు. ఇంజినీరు కప్పని చూశాడు, తలూపాడు, ఒక కొంబ్రో తిని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది దోమలు విరగబడ్డాయి. పై మెట్టు మీది టిటిమ్ కూతురు డెంగీతో ఆసుపత్రి పాలైంది. సొబారి పొగ మిషన్ తెప్పించి మైకులో చెప్పించాడు. గిన్నెల మీద మూతలు పెట్టుకోండి, పంజరాలు రోడ్డు మీదికి తెచ్చుకోండి అని. మా వాళ్లకి పాడే పిట్టంటే ప్రాణం. ఇంట్లో ముసలమ్మని మరిచిపోయినా మరిచిపోతారు గాని పిట్టని మరవరు. గట్టంతా పంజరాలు ఎత్తుకుని మెట్లెక్కింది. ఆడాంగ్‌ని ఏటి ఒడ్డు బల్ల మీద, ముక్కుకి తువ్వాలు కట్టి కూర్చోబెట్టి, ఎంతిన్ కూడా మురాయ్ పంజరం పట్టుకుని రోడ్డెక్కింది. అక్కడ నిలబడి టిటిమ్‌తో పిల్ల జ్వరం గురించి మాట్లాడుతుంటే, కింద తన స్నానాలగది కిటికీలోంచి తెల్లగా పొగ రావడం కనబడింది.

పంజరం అక్కడే రోడ్డు మీద వదిలేసి పరిగెత్తింది.

గెంబుల్ నేల మీద వెల్లకిలా పడి ఉంది. ఆకుపచ్చ రంగు పాచిపోయిన గోధుమ రంగైంది. ఎత్తి గోడకి ఆనిస్తే తడిగుడ్డలా జారి చేతిలో పడింది. ఇంకోసారి ఆనించింది. మళ్లీ జారింది. అదే సాయంత్రం ఇల్లు జానెడు కిందికి జరిగింది.

"తెతే! మీ ఇల్లు జారిందా ఏంటి?" టిటిమ్ పై నుంచి కేకేసింది. మా దగ్గర అక్కని అలాగే పిలుస్తాం. "మీ చూరుకి కట్టిన నా బట్టల తాడు పుటుక్కుమంది!"

"కప్పకి బాగాలేదే."

"అయ్యో. మరి గుమ్మానికీ మెట్టుకీ మధ్య చెక్క వేసుకో, కాలు ఇరుక్కుంటుంది."

పిట్టల మందుల కొట్టువాడిని ఫోన్‌లో అడిగితే, వాడు కసురుకున్నట్టే చెప్పాడు. "కప్ప నోటితో తాగదమ్మా, ఒంటితో తాగుతుంది. ఆ పొగంతా చర్మంలోకి పోయింది. కుళాయి నీళ్లు నేరుగా వాడకు, మందు వాసన పోయేదాకా కుండలో నిలవబెట్టి, ఆ నీళ్లలో గడ్డం దాకా కూర్చోబెట్టు. సబ్బు చేత్తో ముట్టుకోకు. కారం చేత్తో అసలే వద్దు, చస్తుంది."

ఎంతిన్ తన చేతులు చూసుకుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ చేతులకి కారం లేని రోజు లేదు. కడిగి, కడిగి, గోళ్లు కత్తిరించుకుని, మళ్లీ కడిగి, కాంగ్ అని తను పిలుచుకునే మొగుడి దగ్గరికి వచ్చింది.

"కాంగ్, రేపట్నుంచి కొంబ్రోలు నువ్వు చెయ్యి."

"నేనా?"

"మోకాలితో చెయ్యమనడం లేదుగా."

అతను చేశాడు. ఒకటి గుమ్మడికాయంత, ఒకటి గోలీకాయంత. కొన్నిట్లో కారం కూరడం మరిచాడు, కొన్నిట్లో మూడింతలు కూరాడు. గట్టు జనం తిట్టుకుంటూనే కొనుక్కున్నారు. టిటిమ్ తాత ఒకటి నమిలి, కళ్లనీళ్లు తుడుచుకుని, "ఆడాంగ్, నామీద నీకేమన్నా పాత కోపముందా?" అని అడిగాడు.

గెంబుల్‌ని ప్లాస్టిక్ డబ్బాలో, తడిపిన మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టింది ఎంతిన్. రోజూ కుండనీళ్లలో కూర్చోబెట్టి, గడ్డం మునగకుండా వేలితో పట్టుకునేది. పిట్ట కీచురాళ్లు తీసుకొచ్చి నోటి ముందు ఆడించేది. అది నోరు తెరిచేది కాదు. ఒక కీచురాయి ఏకంగా దాని తలమీదెక్కి కూర్చుని మీసాలు దువ్వుకుంది.

"మరి నా పిట్టేం తినాలి?" అన్నాడు ఆడాంగ్.

"మన కొంప మోస్తోంది నీ పిట్టా?"

ఇల్లు రోజూ ఇంతో అంతో జారుతూనే ఉంది. గ్లాసులో టీ ఒక పక్కకే నిలబడేది. గిన్నెలు పొయ్యి దిగి వాటంతటవే వాకిట్లోకి వచ్చేవి. గుమ్మం ముందు చెక్క తీసి బల్ల, బల్ల తీసి నిచ్చెన వేసుకున్నారు. వాకిట్లో కూర్చుంటే ఏటి తుంపర మొహానికి తగిలేంత దగ్గరైంది.

అప్పుడొచ్చాడు సొబారి, నిచ్చెన దిగి, రొప్పుతూ. అతను చెడ్డవాడు కాదు. అందరి మేలూ తన నెత్తినే ఉందనుకునే రకం, అంతే.

"చూడమ్మా ఎంతిన్, కార్యాలయంలో మాట్లాడాను. ఊరి చివర కొత్త మేడల్లో మీకు గది ఇస్తారు. పదకొండో అంతస్తు. గాలీ వెలుతురూ బాగుంటాయి. ఇల్లు ఏట్లో పడకముందే సామాను సర్దుకోండి."

"కప్పని రానిస్తారా అక్కడ?"

"జంతువులు కూడదన్నారు."

"అయితే నేనూ కూడను."

"అది బతకదమ్మా. మొండితనం చెయ్యకు."

"పొగ మీరు వేయించిందే కదా, సొబారి గారూ."

సొబారి మొహం ఎర్రబడింది. "పిల్లలు జ్వరాలతో పడిపోతుంటే వేయించొద్దా?"

"వద్దనలేదు. టిటిమ్ పిల్ల ఇంటికొచ్చింది, సంతోషం. మైకులో పంజరాలూ కప్పా అని ఒక్క మాట కలిపితే మీ సొమ్మేం పోయేది?"

"కప్పని మోసుకెళ్లాలని మీకు తెలీదా?"

ఆ రోజు ఎంతిన్ చేతిలో ఉన్నది పిట్ట పంజరం. ఆ బాధే ఆమెని రోజూ తినేస్తోంది.

ఆడాంగ్ మెల్లగా అడిగాడు. "పదకొండో అంతస్తంటే... మెట్లెన్ని ఉంటాయండీ?"

"మెట్లెందుకయ్యా, లిఫ్టుంది. మీట నొక్కితే కింద. తలుపు తెరిస్తే రోడ్డే."

సొబారి వెళ్లిపోయాక కూడా, ఆడాంగ్ చేతిలో పిండిముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఎంతిన్ చూసింది.

"వెళ్లాలనుందా?" అంది.

"ఏటిని చూసీ చూసీ మొహం మొత్తింది ఎంతిన్. కాఫీ కొట్టు దగ్గర నిలబడి ఎవరితోనైనా తగువేసుకోవాలనుంది. శుక్రవారం నమాజుకి నలుగురితో పోవాలనుంది. వ్యానెక్కి ఊరికే ఎక్కడికైనా పోవాలనుంది." మళ్లీ తనే అన్నాడు, "నువ్వు రాకపోతే నాకా లిఫ్టెందుకులే."

ఆమెకి కోపం వచ్చింది. అతని మీద కాదు. మెట్ల మీద, మోకాలి మీద, మేడల మీద. ఈ ఇల్లు ఆమె కొంబ్రోలమ్మి, ఇటుక ఇటుకా ఆ మెట్ల మీదుగా నెత్తిన మోసుకొచ్చి కట్టుకున్నది. వదలమంటే ఎలా వదులుతుంది? వదలకపోతే ఈ మనిషి ఏటిని చూస్తూనే ముసలైపోతాడు. ఏం చేసినా ఎవరికో అన్యాయమే.

"దీని సంగతి తేలనీ," అంది, డబ్బా వైపు చూపిస్తూ.

రెండు పూటల తర్వాత, మధ్యాహ్నం, కొండల మీంచి మా ఊరి వాన దిగింది. వానకి కొదవ లేని ఊళ్లో కూడా అది పెద్ద వానే. ఇల్లు ఒక్క కుదుపు కుదిపి, ముందు స్తంభం ఏటి నీళ్లలో కాలు పెట్టింది. సొబారి తాళ్లతో, నలుగురు మగవాళ్లతో దిగొచ్చాడు. ఇక అడిగేది లేదన్నాడు. వాళ్లు ఆడాంగ్‌ని దుప్పటి ఉయ్యాలలో మొయ్యడానికి సిద్ధమయ్యారు. ఆడాంగ్ వాకిలి గుంజని రెండు చేతులా కౌగిలించుకున్నాడు.

"నా పెళ్లాం లోపలుంది. ముందు దాన్నడగండి."

ఎంతిన్ స్నానాలగదిలో ఉంది. గెంబుల్‌ని అరచేతిలో పెట్టుకుని, పలకల గోడకి ఆనించి పట్టుకుంది.

"వినవే," అంది. "తప్పు నాది. పిట్టని మోశాను, నిన్ను వదిలేశాను. దానికి నువ్వు చస్తానంటే చావు, కాదనను. కానీ ఇలా డబ్బాలో, నేల మీద చావకు. నేల మీద చచ్చే జాతి కాదు మనది. గోడెక్కి చావు."

సొబారి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అమ్మా ఎంతిన్, పద!"

"చెప్పులు విప్పి మాట్లాడండి. తుడిచిన నేల."

నేల ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, నీళ్లు కారుతున్నాయి. అయినా సొబారి చెప్పులు విప్పాడు.

కిటికీలోంచి వాన జల్లు కొట్టింది. కప్ప ఒళ్లంతా తడిసింది. ఆమె అరచేతి మీద దాని గొంతు ఒక్కసారి కదిలింది. ముందు కాలు చాచింది. వేలి చివరి గుండ్రటి మెత్త పలకకి తగిలి, జారి, మళ్లీ తగిలి, అక్కడే నిలిచింది. ఎంతిన్ ఊపిరి బిగబట్టింది. రెండో కాలు. వెనక కాళ్లు. ఆమె అరచెయ్యి మెల్లగా కిందికి తీసింది. గెంబుల్ పడలేదు.

ఇల్లు ఆగింది. నేల కింద ఏరు హోరెత్తుతోంది గాని ఇల్లు మాత్రం గట్టిగా నిలబడింది.

"ఆగిందండీ!" బయట ఎవరో అరిచారు.

"ఆగింది కదా, ఇప్పుడన్నా రా," అన్నాడు సొబారి.

ఇంతలో గెంబుల్ వానలో ఏ చెట్టుకప్పైనా చేసే పనే చేసింది. పైకెక్కడం మొదలుపెట్టింది. ఒక పలక ఎక్కగానే, ఇంటి కింద స్తంభాలు బురదలోంచి చప్పుడు చేస్తూ పైకొచ్చాయి. ఇంకో పలక ఎక్కింది. ఇల్లు గట్టు మీదికి ఒక అడుగేసింది.

మగవాళ్లు తాళ్లు వదిలేసి, లారీని వెనక్కి తీయిస్తున్నట్టు చేతులూపడం మొదలుపెట్టారు. "ఎడమకి... ఎడమకి... రానీ, రానీ... పనసచెట్టు చూసుకో!"

"తెతే! మా వంటింటి పక్కనుంచి మెల్లగా!" టిటిమ్ కిటికీలోంచి అరిచింది. "అద్దాలు కొత్తవి!"

"నాతో కాదు, కప్పతో చెప్పు!"

సొబారి తలుపు చట్రం పట్టుకుని వేలాడుతూ, "ఇలా కుదరదు, కుదరదు," అంటూనే ఉన్నాడు. ఆడాంగ్ గుంజని వదల్లేదు. అతని ముందు ఏరు చిన్నదవుతోంది. టిటిమ్ వంటిల్లు వెళ్లింది, టిటిమ్ తాత మంచం వెళ్లింది, తను పడుతూ లేస్తూ ఎక్కలేక వదిలేసిన మెట్లన్నీ పక్కనుంచి కిందికి వెళ్లిపోయాయి.

గెంబుల్ గోడా పైకప్పూ కలిసే మూలకి చేరి, కాళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసుకుంది. ఇల్లు ఆగింది. కాఫీ కొట్టుకీ పచ్చ వ్యాన్లు ఆగే చోటుకీ మధ్య, రోడ్డు అంచున, గడప సరిగ్గా రోడ్డు మట్టానికి.

సొబారి బయటికొచ్చి, చెప్పుల్లేని కాళ్లతో నిలబడి చుట్టూ చూశాడు. "ఇది ఇల్లు ఆపే చోటు కాదమ్మా. రేపు కార్యాలయం నుంచి మనుషులొస్తారు."

"రానివ్వండి. దింపగలిగితే దింపుకోమనండి," అంది ఎంతిన్, తడి చేతులు నడుం మీద పెట్టుకుని. "నేను మాత్రం దిగను. పదకొండో అంతస్తుకీ దిగను, ఏట్లోకీ దిగను."

కాఫీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. వాన సన్నబడింది. ఒక వ్యాను వచ్చి, వాకిలికి ఆనించినట్టే ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "తజుర్! తజుర్! బాబాయ్, ఎక్కుతావా?"

వాడు ఆడాంగ్‌నే అడిగాడు. వాడికి ఈ మనిషి సంగతేమీ తెలీదు. వాకిట్లో కూర్చున్న ఎవర్నైనా అలాగే అడుగుతాడు.

ఆడాంగ్ గడప వైపు చూశాడు. మెట్టు లేదు. గుంజ వదిలి లేచి, బాగున్న కాలు ముందు బయట పెట్టాడు. తర్వాత రెండోది. రోడ్డు మీద నిలబడ్డాడు. తజుర్‌లో అతనికి పనీ లేదు, చుట్టాలూ లేరు. లుంగీ నిండా పిండి మరకలు. వ్యాను తలుపు పట్టుకుని ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు.

ఎంతిన్ లుంగీ మార్చుకోమని చెబుదామనుకుంది. చెప్పలేదు. వ్యాను కదులుతుంటే మాత్రం ఉండబట్టలేక అరిచింది.

"కాంగ్! చీకటి పడేలోపు వచ్చెయ్!"

ఆడాంగ్ వెనక్కి తిరగలేదు. కిటికీలోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి ఊపాడు.

"చూద్దాంలే," అన్నాడు.