ఎవరి ఫోను వాళ్ళకే

దేవుడికి కొట్టే టెంకాయ మొగుడిచ్చిన డబ్బుతో కొంటే, ఆ మొక్కు తీరేది ఎవరిది? పెళ్ళయిన కొత్తలో మొదలైన అనుమానం ఇది. ఎవరినీ అడగలేదు. అడిగితే మా ఆయన పోలేరయ్య నవ్వుతాడు. కొన్నేళ్ళ కిందట ఒకసారి మా జువ్వలదిన్నెలో అమ్మవారి గుడికి పోతూ డబ్బులడిగితే, "మొన్ననే గదా ఇచ్చినా? అమ్మవారేమన్నా మీటరు పెట్టుకోనుండాదా?" అన్నాడు. అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. గుడి ముందు టెంకాయలమ్మే పేరమ్మక్క నా మొహం చూసి, "తీసుకోమే, తర్వాత ఇద్దువులే," అని టెంకాయా కర్పూరమూ నా చేతిలో పెట్టింది. ముప్పై రూపాయలు. ఆ ముప్పై ఎందుకో ఆయనకు చెప్పి అడగలేక బాకీ అలాగే ఉండిపోయింది. అక్క ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడు రొయ్యల మేత కంపెనీ వాళ్ళు, మేత ఎక్కువ కొన్న రైతుల్ని భార్యలతో సహా సింగపూరు తీసుకుపోయారు. రొయ్యల గుంట ఆయనది. తెల్లారుజామున మేత చల్లేది, పనివాళ్ళకి వండిపెట్టేది నేను. కంపెనీ కాగితంలో ఆయన పేరుంది, కింద 'భార్య' అని ఉంది.

అక్కడ నోట్లతో పనిలేదని మా అమ్మాయి ప్రత్యూష ఇద్దరి ఫోన్లలోనూ బ్యాంకు కార్డులు, డబ్బులు పంపే యాప్ ఎక్కించింది. "మీ అమ్మకెందుకు? నేనుండాను గదా," అన్నాడాయన. "అక్కడ ఎవరి ఫోను వాళ్ళకే నాయనా," అంది. నా కార్డు మీద నా పేరే. రొయ్యల షెడ్డులో తలలు తీసిన కూలి ఆ ఖాతాలోనే పడేది. కార్డు మాత్రం ఇన్నేళ్ళూ ఆయన జేబులో ఉండేది. ఉప్పునీళ్ళకి అరిగిపోయిన నా వేలిని ఫోను గుర్తుపట్టలేదు. అందుకని ప్రత్యూష తాళంగా నాలుగు అంకెలు నన్నే ఎంచుకోమంది.

సింగపూరులో టీ కొట్టుకాడ కూడా నోటు లేదు, చిల్లర లేదు. ఆయన ఫోను మిషనుకి ఆనిస్తే చాలు, టీ చేతికొచ్చేది. కంటికి కనపడని దాన్ని నమ్మడం నాకు కొత్త కాదు. అయినా ఆ కనపడని డబ్బుకి దణ్ణం పెట్టబుద్ధయింది. రోజూ ఆయన వెనకాల నిలబడి చూశాను.

చివరి రోజు అందరూ బజారుకి పోయారు. ఆ ఊరిలోనూ అమ్మవారి గుడి ఉందని విని, నేను అక్కడికి పోదామన్నాను. "ఈడగూడానా నీ గుళ్ళు!" అని విసుక్కుంటూనే బయల్దేరాడు.

రైలు స్టేషన్లో ఆయన ఫోను ఆనిస్తే గాజు తలుపులు తెరుచుకున్నాయి. లోపలికి పోయి, చెయ్యి వెనక్కి చాపి నాకోసం మళ్ళీ ఆనించాడు. ఎర్ర లైటు. ఇంకోసారి. ఎర్ర లైటే. వెనక జనం ఆగిపోయారు.

"ఈ మిషనుకి బుద్ధిలేదు," అన్నాడు.

యూనిఫాం వేసుకున్న తమిళావిడ వచ్చింది. షెడ్డులో అరవ కూలీలతో పనిచేసినదాన్ని, ఆమె అరవం నాకు అర్థమైంది. ఒక మనిషికి ఒక ఫోనే అట. ఆయనది ఆయనకు అయిపోయింది.

"నీకు చేతగాదులే. నేను బయటికొస్తా, రూముకు పోదాం పా," అన్నాడాయన, తలుపుల అవతల నుంచి.

ఇంత దూరమొచ్చి అమ్మవారిని చూడకుండానా? సంచీలోంచి ఫోను తీశాను. నాలుగు అంకెలు నొక్కి ఆనించాను.

తలుపులు తెరుచుకున్నాయి.

ఎందుకని అడగలేదు. ఎంతని అడగలేదు. మొన్ననే గదా ఇచ్చినా అనలేదు. గర్భగుడి ముందు తెర తీసినప్పుడు ఒళ్ళు ఎట్లా జలదరిస్తుందో అట్లా జలదరించింది. తెరిచింది ఎవరికోసమోనని వెనక్కి కూడా చూశాను. నాకే.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాడాయన.

"చూస్తానే ఉన్నా గదా."

గుడిలో అర్చన టిక్కెట్టుకి నా ఫోనే ఆనించాను. అర్చన ఎవరి పేరు మీదని పూజారి అడిగాడు. మా ఆయన గొంతు సవరించుకునేలోపే "వనజాక్షి," అన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, పేరమ్మక్క నంబరు వెతికి ముప్పై రూపాయలు పంపాను. కాసేపటికే ఫోను మోగింది.

"ఏందిమే వనజా, కొట్లో డబ్బులు పడితే చెప్పే డబ్బా ముప్పై రూపాయలంటా అరిచింది. నీ పేరు పడుండాది. మీ ఆయన పంపించినాడా?"

పక్కనే ఆయన చెప్పులేసుకుంటున్నాడు.

"లేదక్కా, నేనే. ఆ టెంకాయ డబ్బులు."

"ఓసినీ! అది ఎప్పుడో అమ్మవారికి ముట్టింది గదమే."

"అప్పుడు ముట్టింది నీ టెంకాయక్కా," అన్నాను. "ఈరోజు నాది ముట్టింది."