ఆరున్నర బండి

కూతురి చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఆమె పొయ్యి మీది పాలపై ఓ కన్నేసి ఉంచింది. రేపు పొద్దున ఆరున్నర బండికి పిల్ల వేరే ఊరు వెళ్ళాలి, ఉద్యోగం ఇంటర్వ్యూకి. ఉద్యోగం వస్తే ఇక అక్కడే ఉంటుంది. మూడు నెలల కిందటా ఇలాంటి పిలుపే వచ్చింది. అప్పుడామె తాను పనిచేసే మందుల షాపు నుంచి నిద్రమాత్రలు తెచ్చి, పొడి చేసి, పాలలో కలిపింది. పిల్ల మర్నాడు పదింటికి గాని కళ్ళు తెరవలేదు. బండీ పోయింది, ఉద్యోగమూ పోయింది. ఏడుస్తున్న పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని జుట్టు నిమురుతుంటే ఆమెకి కడుపు నిండినట్టయింది. సిగ్గుచేటు, కానీ నిజం.

ఇరవై మూడేళ్ళుగా వండి వారుస్తున్న ఈ వంటింట్లో గిన్నె అటుదిటు మార్చినా "ఇదేమన్నా మీ పుట్టిల్లనుకున్నావా?" అంటాడు భర్త. నాది అని ఆమె అనగలిగింది ఈ ఒక్క పిల్లనే. అందుకే పిల్ల స్నేహితురాళ్ళని గుమ్మంలోనే ఆపేసింది, దాని ఫోన్లో వచ్చిన ప్రతి మాటా చదివింది. "తల్లంటే నువ్వేనమ్మా" అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా. ఇవాళా పొడి చేసిన మాత్రల పొట్లం గుప్పిట్లో ఉంది.

పిల్ల వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, నాలుగు అలారాలు పెట్టాను. అయినా నువ్వే లేపాలి. నా నిద్ర మీద నాకే నమ్మకం పోయింది. నాలో ఏదో లోపం ఉందేమో, డాక్టర్‌కి చూపించుకోనా?"

"దీని మొద్దునిద్ర కోసం రైలు ఆగుతుందా ఏంటి?" హాల్లోంచి నవ్వాడు తండ్రి. పిల్ల తనూ నవ్వబోయి తల దించుకుంది.

అలా తల దించుకోవడం ఆమెకి కొత్త కాదు. ఎవరేమన్నా తప్పు తనదే అనుకుంటూ ఇన్నేళ్ళూ తనూ అలాగే దించుకుంది. తనకది నేర్పినవాళ్ళని ఒక్కనాడూ క్షమించలేదు. ఇప్పుడు అదే చదువు ప్రేమ పేరు చెప్పి కూతురికి నేర్పింది.

పొట్లం సింకులో దులిపి కుళాయి తిప్పింది. అంతటితో ఊరుకోవచ్చు. పిల్ల బండి ఎక్కుతుంది, తను మంచి తల్లిగానే మిగిలిపోతుంది. పిల్ల మాత్రం జన్మంతా తన నిద్రకి తానే భయపడుతూ బతుకుతుంది. చెబితే మళ్ళీ తన చేతి పాలు తాగదేమో, ఈ గడపే తొక్కదేమో. పొయ్యి ఆపి పిల్లకి ఎదురుగా నిలబడింది.

"నీలో ఏ లోపమూ లేదే తల్లీ. ఆ రోజు పాలలో నిద్రమాత్రలు కలిపింది నేను."